ఇంటింటికీ పోలియో

"ఈ ఆదివారంతో మాదాపూర్ చరిత్ర మారిపోతుంది!" అని ఆరోగ్య ప్రచారాధికారి సుబ్రహ్మణ్యం గారు విలేకరుల ముందు ప్రకటించారు. అన్నట్టే మార్చేశారు కూడా. ఉత్తి మాటలు చెప్పే మనిషి కాదు.

అంతవరకూ నర్సు సక్కుబాయి ఐస్‌డబ్బా భుజానేసుకుని, ఇల్లిల్లూ తిరిగి, తల్లుల్ని పేరుపేరునా పిలిచి పిల్లల నోట్లో చుక్కలు వేసేది. పక్కన హైటెక్ సిటీ లేస్తుంటే ఇంకా ఈ నోటి ప్రచారమేమిటని సుబ్రహ్మణ్యం గారికి తల కొట్టేసినట్టయింది. అద్దాల మేడలో కంప్యూటర్ ముందు మూడు రోజులు కూర్చుని నినాదం తయారుచేయించారు: 'ఇంటింటికీ పోలియో! ఆదివారం మీ బిడ్డకు తప్పక!'

పోస్టర్ చూసి సక్కుబాయి బుగ్గలు నొక్కుకుంది.

"సార్, చుక్కలు అన్న మాటేది?"

"అది పెడితే లైను పొడుగైపోతోందమ్మా. స్క్రీన్‌లో పట్టట్లేదు."

"అయితే పోలియో తీసేసి చుక్కలు ఉంచున్రి."

"ముగ్గులపోటీ అనుకుంటారు! జనం అజ్ఞానం నీకేం తెలుసు?" అని ఆయన ఆమె మీద జాలిపడ్డారు.

శనివారం ఆటోలు మైకులు కట్టుకుని మాదాపూర్ నుంచి హఫీజ్‌పేట్ దాకా హోరెత్తించాయి. చెవులున్న ప్రతివాడికీ సందేశం చేరింది. ప్రచారమంటే అదీ!

ఆదివారం పొద్దున తొలి చుక్క వేయడానికి మంత్రిగారు విచ్చేశారు. షామియానా ఉంది, కెమెరాలున్నాయి, పూలదండలున్నాయి. ఒక్క పిల్లాడు లేడు. సుబ్రహ్మణ్యం గారు బస్తీలోకి పరుగెత్తారు. అక్కడ కిష్టమ్మ తన మనవడు చిన్నును చంకనేసుకుని ఇంటికి తాళం వేస్తోంది.

"ఏమ్మా, బాబుకు పోలియో వేయించవా?"

"ఏంది సార్, మంచిగ ఉరికే పోరనికి పోలియో ఏస్తరా? సక్కుబాయి చుక్కలేస్తనంటే ఏయించినం. మీరేంది, రోగాన్నే ఇంటింటికి తెస్తున్రు! మీకు పిల్లల్లేరా?"

ఆ మాటతో ఆయన ముఖం వెలిగిపోయింది. ఎందుకు లేరు! మూడేళ్ళ కొడుకు లోహిత్ ఉన్నాడు. బంగారంలాంటి పిల్లాడు, ఫొటోలో కూడా బాగా పడతాడు. మంత్రిగారికి ఓ కూల్‌డ్రింకు ఇప్పించి, జీపెక్కి హఫీజ్‌పేట్‌లో తన ఫ్లాట్ ముందు దిగారు.

తలుపుకు తాళం వేలాడుతోంది.

"మేడం పొద్దుగాలనే బాబునెత్తుకొని లింగంపల్లిల అక్కోళ్ళింటికి పోయింది సార్," అన్నాడు వాచ్‌మన్ పెంటయ్య. "జర పరేషాన్‌గ ఉండె. పోలియో మన గల్లీకే వస్తదని నిన్నంత మైకుల మొత్తుకున్రు గద. మీకు ఎవ్వరు చెప్పలేదా సార్?"