కొత్త సర్వరుకు అణకువ నేర్పిన వైనం

వనపర్తిలోని మూడు జిల్లాల ఉమ్మడి ధ్రువపత్రాల కార్యాలయంలో పాత సర్వరు పదవీ విరమణ చేయుచున్నదనియు, దాని బాధ్యతలను కొత్త సర్వరు స్వీకరించుననియు, ఈ మధ్యలో ప్రజాసేవ ఒక్క క్షణము కూడా ఆగబోదనియు యావన్మందికి ఇందుమూలముగా తెలియజేయడమైనది. కింద సంతకం చేసిన సూపరింటెండెంటు నర్సింహులు గారు మా సారే, అంటే మా ఇంటాయనే కాబట్టి, నేను చెప్పబోయేదంతా అధికారికమనే అనుకోవచ్చు.

తెలియనివారి కోసం ఒక మాట. ధ్రువపత్రాలు ఇచ్చేది సర్వరు కాదు. అది ఒట్టి పెట్టె. దాని లోపల చేతికి తగలని కంప్యూటరు ఇంకొకటి ఉంటుంది. వర్చువల్ మెషీన్ అంటారు. పెట్టె ఇల్లయితే, మెషీన్ అందులో కిరాయిదారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ఎవరు ఏ ఊరివారో తేల్చేది ఆ కిరాయిదారే. ఇప్పుడది పాతింటి నుంచి కొత్తింటికి మారాలి. దూరం నాలుగడుగులు.

ఫైలులో ‘తరలింపు’ అని పడింది గనుక, తరలించే వస్తువు బరువెంతో రాయమన్నారు. బరువు ఉండదని రాసింది టెక్నీషియన్ మెహజబీన్. బరువు లేని వస్తువుకు ఎంతమంది హమాలీలు కావాలో ఏ సర్క్యులర్‌లోనూ దొరకలేదు. ముందుజాగ్రత్తగా ఇద్దరిని పిలిచారు. వాళ్లు పొద్దటి నుంచి సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, ఏ లోపమూ జరగకుండా పని ముగించుకుని వెళ్లారు. ఆ కార్యాలయ చరిత్రలో ఏ వస్తువూ పగలకుండా జరిగిన తరలింపు అదొక్కటే.

తర్వాత అసలు చిక్కు బయటపడింది.

“సార్, రెండు పెట్టెలు రెండు కంపెనీలవి” అంది మెహజబీన్. “వాటి మెదళ్లే వేరు. నడుస్తుండంగ మారిస్తే మెషీన్ కింద పడ్తది. పది నిమిషాలు బంద్ చేసి, అటు మార్చి, మళ్ల చాలూ చేస్తే అయిపోతది.”

“పది నిమిషాలు బందా?” అన్నారు మా సారు. “క్షణం కూడ ఆగదని సంతకం పెట్టిన గదమ్మా.”

ఆ కార్యాలయం రోజూ ఒంటిగంట నుంచి మూడు దాకా అన్నానికి మూసే ఉంటుంది. ఆ రెండు గంటలూ తాళం వెనక, చీకట్లో, ప్రజాసేవ ఆగకుండా సాగుతూ ఉంటుందన్న మాట.

అప్పుడు మా సారు ఎక్కడో విన్న ఉపాయం బయటపెట్టారు. కొత్త సర్వరు తనకు తెలిసిన కొత్త విద్యలన్నీ దాచిపెట్టి పాతదానిలాగే నటిస్తే, కిరాయిదారు ఇల్లు మారినట్టే గుర్తుపట్టదట. ఇది వినగానే సిబ్బందికి సర్వర్లంటే మొదటిసారి గౌరవం కలిగింది. ఇన్నాళ్లూ అర్థం కాని యంత్రం ఇంత మన మనిషా అనుకున్నారు. మా సారు లేచి ప్రసంగించారు.

“తెలివి ఎవరికైన ఉంటది. దాన్ని దాచుకునుడే సంస్కారం. మన మెహజబీన్‌నే చూడుండ్రి. పది వేళ్లతోటి టైపు చేసే పిల్ల. వచ్చినరోజే చెప్పిన, రెండు వేళ్లతోటి చెయ్యమ్మా, సీనియర్లు చిన్నబుచ్చుకుంటరని. చేస్తలేదా? మనిషి చేసింది మిషన్ చెయ్యదా?”

“ఒక్క కంపెనీ పెట్టెలైతే చేస్తది సార్” అంది మెహజబీన్. “ఇవి వేరు గద. యాస మార్చుకుంటది గని, తల మార్చుకోదు.”

చప్పట్ల మధ్య ఎవరికీ వినపడలేదు.

పదకొండు రోజులు ప్రయోగం నడిచింది. రోజూ మెషీన్ బయలుదేరడం, సగం దారిలో పడిపోవడం, దాన్ని లేపడానికి గంట పట్టడం. ఇది ఉత్తర్వుకు విరుద్ధం కాదా అని అడగొచ్చు మీరు. కాదు. ఆపడం తప్పు గానీ, ఆగిపోవడం తప్పు కాదు.

ఈ పదకొండు రోజులూ వరండాలో ఏసమ్మ కూర్చుని ఉంది. పెద్దమందడి మనిషి. ఏటా ఆర్నెల్లు పుణెలో బిల్డింగుల పనికి పోతుంది. కూతురు మానసకు నాగర్‌కర్నూలులో నర్సింగు సీటు వచ్చింది. నివాస ధ్రువపత్రం ఇస్తేనే చేర్చుకుంటారు. గడువు శుక్రవారం సాయంత్రం అయిదు.

“ఆర్నెల్లు పుణెల ఉంటివి. పెద్దమందడిదానివని ఎట్ల రాయాలె?” అని మా సారు విచారణ జరిపారు.

“మీ మిషన్ ఏ పెట్టెల పండుకున్న ఈ ఆఫీసుదే గద సారూ. నేను గంతే” అంది ఏసమ్మ.

మా సారు దీన్ని పరిశీలనలో ఉంచారు.

శుక్రవారం పొద్దున మా సారు టిఫిన్ డబ్బా మరిచిపోయారు. నేనే మరిపించానని తర్వాత కొందరన్నారు, ఆధారాలు లేవు. ఒంటిగంటకు డబ్బాతో పాటు పెద్ద గిన్నెడు బగారన్నం, కోడికూర పట్టుకుని పోయాను. పోతుంటే వరండాలో ఏసమ్మ గోడ గడియారం కేసి, మెహజబీన్ ఏసమ్మ కేసి చూస్తున్నారు.

“అక్కా, పది నిమిషాలు” అంది మెహజబీన్ మెల్లగా.

“ఇరవై తీసుకో. ముక్కలు గట్టిగనే ఉడికించిన” అన్నాను.

లోపల సిబ్బంది యావత్తూ బొక్కలు కొరికే పనిలో ఉండగా, మెహజబీన్ మెషీన్‌ను బంద్ చేసి, కొత్త పెట్టెకు మార్చి, మళ్లీ చాలూ చేసింది. తొమ్మిది నిమిషాలు. మూడు జిల్లాల ప్రజాసేవ తొమ్మిది నిమిషాలు ఆగిపోతే మూడు జిల్లాల్లో ఎవ్వరికీ తెలియలేదు. పది వేళ్లతో టైపు చేసిన ధ్రువపత్రం రెండు నిమిషాల్లో బయటికొచ్చింది. మా సారు ఎడమచేత్తో కళ్లజోడు సవరించుకుని, కుడిచెయ్యి కడుక్కుని, కోడికూర ప్రభావంలో సంతకం పెట్టారు. ఏసమ్మ రెండింటి బస్సెక్కింది.

సోమవారం సాయంత్రం ఏసమ్మ సీతాఫలాల బుట్టతో మా ఇంటికొచ్చి మిగతాది చెప్పింది.

కాలేజీ గుమస్తా కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడట. “అమ్మా, తళతళ మెరుస్తున్నది. ఇయ్యాల్టి తారీకే ఉన్నది. సర్కారు కాగితం గింత జల్ది ఎట్లొస్తది? నకిలీది కాదు గద?” అన్నాడట. టైము నాలుగూ ముప్పావు.

ఏసమ్మ వాదించలేదు. బయటికి తెచ్చి నాలుగు మడతలు పెట్టి, కొంగుతో నలిపి, చాయ్ గ్లాసు కింద ఒక గుండ్రటి మరక పుట్టించి, మళ్లీ లోపలికి పోయింది. “పదకొండు దినాలు తిరిగిన సారూ. కాళ్లు పడిపోయినయి” అంది.

“గట్ల చెప్పాలె మరి” అని గుమస్తా ముద్ర కొట్టాడట.

మా సారు ఇప్పటికీ కొత్త సర్వరు అణకువను మెచ్చుకుంటూనే ఉన్నారు. ప్రయోగం పన్నెండో రోజున ఫలించిందని పైకి నివేదిక పంపారు. మెహజబీన్ దాన్ని రెండు వేళ్లతో టైపు చేసింది.

“పిల్ల చేరిందా మరి?” అని అడిగాను ఏసమ్మను.

“చేరిందమ్మా. ఫారంల ‘ఇంకేమేం వచ్చు’ అని ఒక గడి ఉన్నది. పిల్లకు కంప్యూటరొస్తది, ఇంగ్లీషొస్తది, అన్నీ రాయబోయింది. నేనే చెయ్యి పట్టుకున్న. ముందుగల్ల లోపలికి పోనీ బిడ్డా, తెలిసినట్టు కనపడకు అన్న.”

సీతాఫలం ఒలుస్తూనే, నా ఎమ్మెస్సీ పట్టా ఏ పెట్టెలో ఉందో గుర్తుకు తెచ్చుకుందామని చూశాను. ఈలోగా లోపలి నుంచి మా సారు, సెల్‌ఫోన్‌లో అక్షరాలు పెద్దగా ఎట్లా చెయ్యాలని కేకేశారు.

“నాకేం తెలుస్తదండి” అన్నాను.