చావు సెలవు

కుంపిణీవారి ధర్మప్రభుత్వంలో ఖైదీకి చావడానికి కూడా సెలవు దొరికేది! ఈ సంగతి తెలియనివాళ్లు ఆ రోజుల గురించి ఊరికే నోరు పారేసుకుంటారు.

నేను ఆ కాలంలో ఒక జైల్లో గుమాస్తాను. ఏ జైలో చెప్పను. చెబితే మిగతా జైళ్లు సిగ్గుపడతాయి. మా జైల్లో జబ్బులుండేవి, ముసలితనం ఉండేది, పురుగులున్న రాగిసంకటి ఉండేది, చావు మాత్రం లేదు. కారణం మా జైలు దొరగారి దయ. ఖైదీ గొంతులో గురక మొదలైందని వైద్యుడు చెప్పగానే ఆయన గుండె కరిగిపోయేది. "పాపం, వృద్ధుడు! ఇంటికి పంపండి!" అనేవారు. బండి గేటు దాటాక వాడు ఏమైనా మా లెక్కలోకి రాడు. పై అధికారుల తనిఖీ దగ్గరపడితే ఈ దయ మరీ పొంగేది.

అయితే రోగిని ఊరికే బయటికి తొయ్యకూడదు కదా! ఊరి పెద్దమనిషి ఎవరైనా "మావాడే, మేం చూసుకుంటాం" అని అర్జీ పెట్టుకోవాలి. అదీ నిబంధన.

అరవదేశంలో అన్నూరు దగ్గర కంబళిపాళెం అని మన తెలుగువాళ్ల ఊరు ఒకటుంది. ఆ ఊరి చెల్లప్ప మా ఖైదీ. జప్తుకు వచ్చి దుక్కిటెద్దులను తోలుకుపోతున్న బంట్రోతును నాగలి మేడితో ఒక్కటి వేశాడు. బంట్రోతు నాలుగు రోజులకు లేచి తిరిగాడు. చెల్లప్ప మాత్రం జైల్లోనే ముసలివాడయ్యాడు. ఇప్పుడు కాళ్లకు నీరు పట్టింది, ఊపిరి ఆడదు. భార్య చెన్నమ్మాళ్ చూడవచ్చినప్పుడల్లా అతనిది ఒకటే మాట. "నా యింటి గడప మీద తల పెట్టుకోని పోవాల. ఇంకేమీ వద్దు."

ఆ ఊరి పెద్ద గోపాలసామి నాయుడు, చెల్లప్పకు వరసకు తమ్ముడు. కొత్త కలెక్టరుకు దయగల పెద్దమనుషులంటే ఇష్టమనీ, శిస్తు లెక్కల జమాబందికి వచ్చి డేరా వేసినప్పుడు అలాంటివాళ్లకు శాలువా కప్పుతారనీ విన్నాడు. పరుగున వచ్చి నాచేత అర్జీ రాయించాడు.

"ముసలివాడు, రోగి, ఎవరికీ కీడు చెయ్యలేనివాడు. సొంత గడప మీద కన్ను మూయనివ్వడం ప్రభువులకు ధర్మం" అని చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. తరువాత గొంతు తగ్గించి, "జవాబు ఎప్పుడొస్తాది గుమాస్తా?" అన్నాడు.

"కచ్చేరీ వ్యవహారం. ఏడాది పట్టవచ్చు."

"పట్టనీ, పట్టనీ. పావం, మా అన్న అందాకా ఉంటాడో లేదో!" అని తృప్తిగా నిట్టూర్చాడు.

కాని తనిఖీ ఆ వారమే! మా దొరగారు మర్నాడే విడుదల చేసేశారు. ఆ మాట విన్నప్పుడు నాయుడి మొహం చూడవలసిందే. శాలువా ఇంకా రాలేదు, రోగి వచ్చేస్తున్నాడు. ఊళ్లో చావుదగ్గు దగ్గేవాడున్నాడంటే కలెక్టరు అక్కడ డేరా వెయ్యడు. డేరా లేకపోతే శాలువా లేదు.

బండి కట్టారు. చెన్నమ్మాళ్ మొగుడి తల ఒళ్లో పెట్టుకు కూర్చుంది. ఖైదీని ఊళ్లో అప్పగించి రసీదు తెమ్మని నన్నూ పంపారు. దారి పొడుగునా నాయుడు "అన్నా, అన్నా" అంటూ బండి పట్టుకు నడిచాడు. మధ్యలో మాత్రం తన జీతగాణ్ణి పిలిచి, చెవిలో ఏదో చెప్పి, ముందుగా ఊరికి పరుగెత్తించాడు.

కాప్పు సంగతి ఇక్కడ చెప్పాలి. మారియమ్మ పండుగకు ముందు పూజారి వేపాకు చుట్టిన పసుపుదారం కడతాడు. అదే కాప్పు. కట్టాడంటే పండుగ ముగిసేదాకా ఊళ్లోవాళ్లు పొలిమేర దాటకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. ఆ ఏడు పండుగ ఇంకా చాలా దూరంలో ఉంది. అయినా భక్తికి వేళాపాళా ఏమిటి!

మేం పొలిమేర రాయి దగ్గరికి చేరేసరికి లోపల తప్పెట మోగుతోంది. పూజారి నల్లసామి వేపకొమ్మ పట్టుకుని నిలబడ్డాడు.

"కాప్పు కట్టేసినాముంగ. ఎవురూ రాకూడదు."

నాయుడు నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో అన్నా! ఒక గడియ ముందొచ్చుంటే! ఏం చేస్తాం, అమ్మవారి ఆజ్ఞ" అని, బండిని వదిలి, రాయి దాటబోయాడు.

నల్లసామి వేపకొమ్మ అడ్డం పెట్టాడు. "మీరూ బయటోళ్లే కదుంగ, ఎసమాన్."

"నేనా! ఒరే, నేను ఊరిపెద్దనురా!"

"మీరే కదుంగ చెప్పి పంపితిరి! ఎవురొచ్చినా, ఎంత పెద్దోడైనా, ఎంత రోగమొచ్చిన సీక్కాళి అయినా లోపలికి వదలొద్దని. మీ మాట మీరితే అమ్మవారికి కోపం రాదా?"

వెనక నిలబడ్డ ఊరివాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. ఆ గాంభీర్యం ఏ కచ్చేరీలోనూ చూడలేదు! నాయుడు లేని పండుగ చేసుకునే భాగ్యం వాళ్లకు ఎన్నేళ్లకు పట్టిందో.

పొలిమేర ఇవతల జొన్నచేలో కావలి గుడిసె ఒకటి ఉంటే అందులో దిగాం. వేరే ఊరికి పోదామంటే, రోగిని వదిలి పోయాడని కలెక్టరు చెవిన పడుతుందని నాయుడికి భయం. రసీదు లేనిదే నేను వెనక్కి పోలేను. మూడో రోజు వాన పట్టింది. నాయుడికి జ్వరం తగిలింది. చెన్నమ్మాళ్ మొగుడికి గంజి తాగించి, మిగిలింది నాయుడికి పోసేది. జైలువాళ్లిచ్చిన కంబళి చెరిసగం కప్పేది. నాయుడు పళ్లు టకటకలాడిస్తూ నాచేత ఊరివాళ్లకు అర్జీ రాయించాడు. ముసలివాడు, రోగి, ఎవరికీ కీడు చెయ్యలేనివాడు, సొంత గడప... ఒక్క అక్షరం మార్చనక్కర్లేకపోయింది. పేరు మారిస్తే సరిపోయింది.

జవాబు నల్లసామి రాయి అవతల నుంచి కేకేసి చెప్పాడు. "ఊరంతా రొంబ బాధపడిందుంగ! పండగ అయినాక తప్పకుండా చూస్తామన్నారు!"

మర్నాటికి చెల్లప్ప మాట పడిపోయింది. చూపు మాత్రం ఊరి వైపే. చెన్నమ్మాళ్ లేచి రాయి దగ్గరికి వెళ్లింది.

"నల్లసామీ, మనిషి లోపలికి రాకూడదు, సరే. కొయ్య బయటికి రావచ్చునా?"

నల్లసామి తల గోక్కున్నాడు. కట్టుబాట్లో కొయ్య ప్రసక్తి లేదు. ఇంతలో పొరుగింటి నాగమ్మాళ్ గడ్డపార తీసుకుని పరుగెత్తింది. ఆడవాళ్లు నలుగురూ కలిసి చెల్లప్ప ఇంటి గడప పెకలించి, మోసుకొచ్చి, రాయి మీదుగా ఇవతలికి తోశారు. చెన్నమ్మాళ్ దాన్ని గుడిసెలోకి ఈడ్చి మొగుడి తల కింద పెట్టింది. చెల్లప్ప చేత్తో తడిమాడు. ఒకచోట ఎప్పుడో కాడి పడి చెక్క లేచిన నొక్కు ఉంది. వేళ్లు అక్కడ ఆగాయి. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

నాయుడు కూడా తన గడప పంపమని కబురు పెట్టాడు. "పండగ పూట వాకిలి పీకేదా! కప్పుకోని పండుకోమను" అని ఆయన భార్య కాంతమ్మాళ్ జవాబు పంపింది.

పండుగ ముగిసింది. కలెక్టరు వచ్చి డేరా వేశారు. జైల్లో ఒక్క చావూ లేనందుకు మా దొరగారికి అప్పటికే మెప్పు వచ్చింది. ఇప్పుడు నాయుడి వంతు. "ఊరి పండుగను సైతం త్యజించి, పొలిమేరలో, వానలో, రోగి పక్కనే గడిపిన మహనీయుడు!" అని కలెక్టరు సభలో శాలువా కప్పారు. నాయుడు కళ్లు తుడుచుకున్నాడు. ఆ తరువాత కలెక్టరు దొర, ఇంత దయకు నోచుకున్న ఆ విధవను చూడాలన్నారు. తర్జుమాకు నన్ను తీసుకెళ్లారు.

చెన్నమ్మాళ్ గడపను మళ్లీ బిగించుకుంది. దానికి లోపలివైపు కూర్చుని ఉంది. ద్వారబంధానికి అడ్డంగా పసుపుదారం, మధ్యలో వేపాకు. నాయుడు శాలువాతో కాలు ముందుకు వేశాడు.

"ఆడనే నిలువు, మరిదీ. కాప్పు కట్టిండాను."

"వదినా, దొర వచ్చిండాడు..."

"ఎవురొచ్చినా, ఎంత పెద్దోడైనా లోపలికి వదలొద్దని నీ మాటే కదా."

కలెక్టరు నా వైపు తిరిగి ఏమంటోందని అడిగారు. నాకు ఉద్యోగం ఉంది, పెళ్లాం పిల్లలున్నారు.

"నాయుడుగారి మాటను తన ఇంట్లో అక్షరాలా పాటిస్తానంటోంది, దొరగారూ" అన్నాను.

కలెక్టరు చలించిపోయి, ఆ మాటను రిపోర్టులో చేర్చమన్నారు. నాయుడు గడపకు ఇవతలే నిలబడి శాలువా సర్దుకున్నాడు.