నారింజ వైరుకు లైన్ క్లియర్

అక్క భూమక్క సంవత్సరీకం రోజున హన్మవ్వ అనుకున్న పని పెద్దదేమీ కాదు. మధ్యాహ్నం చుట్టాలు వస్తారు. కంప్యూటర్‌లో భూమక్క పాట పెడతారు. అందరూ కళ్లు తుడుచుకుని, ఆ తర్వాత అన్నం తింటారు. అంతే.

భూమక్క గొంతు ఈ లోకంలో మిగిలింది ఒక్క చోటే. ఆమె కొడుకు సునీల్‌కుమార్‌కు కామారెడ్డిలో ఫొటో స్టూడియో ఉంది. తల్లి బతికుండగా ఆమె చేత నాట్ల పాట ఒకటి పాడించి వీడియో తీశాడు. స్టూడియో కంప్యూటర్ పాడైనప్పుడు అతని దగ్గరున్నది పోయింది. పిన్ని కోసం ముందే ఒక హార్డ్ డిస్కు డబ్బాలో వేసి ఇచ్చింది మాత్రం ఎల్లారెడ్డిలో, హన్మవ్వ బీరువాలో, చీరల మధ్య ఉంది. ఏడాదిగా ఆమె దాన్ని రోజూ తడిమి చూసుకుంది గానీ, వినే ధైర్యం చేయలేదు.

ఆ ఉదయం బయటికి తీస్తే, డబ్బాకు కరెంటిచ్చే అడాప్టర్ వెలగలేదు.

"ఏం గాదు. డబ్బాల ఉన్నది డిస్కే గద. బయటికి తీసి మన కంప్యూటర్ల పెడ్త," అన్నాడు భర్త వెంకటి. ఆయన లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. వైరు కనిపిస్తే ఊరుకోలేడు.

"వద్దయ్యా. సునీలు వస్తుండు, వాడే చూస్తడు."

"వాడొచ్చేసరికి పాట మోగాలె. కరెంటోని ఇంట్ల కరెంటందక పాట ఆగిందంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

హన్మవ్వ బీరువా మూసి తిరిగి చూసేసరికి, ఆయన అట్లకాడతో డబ్బాను రెండు చెక్కలు చేసేశాడు. లోపలి డిస్కును, కొడుకు డిగ్రీ చదివే రోజుల్లో కొన్న పాత కంప్యూటర్‌కు తగిలించాడు. కంప్యూటర్ లేచింది. డిస్కు లేవలేదు. వెంకటి దానికి చెవి ఆనించి విన్నాడు. హన్మవ్వ కూడా ఆనించింది. ఏ చప్పుడూ లేదు. అక్క రెండోసారి పోయిందనిపించింది ఆమెకు.

"ఆగం జేసినవ్ గదయ్యా!"

వెంకటి కామారెడ్డిలో కంప్యూటర్లు బాగుచేసే కలీమ్‌కు ఫోన్ చేశాడు.

"కాకా, పరేషాన్ గాకు, డిస్కు మంచిగనే ఉంటది," అన్నాడు కలీమ్. "కొత్త డిస్కులు గట్లనే. కరెంటు పిన్నులల్ల మూడోదానికి కరెంటు తగిలిందంటే, పండుకోమని చెప్పినట్టు. మీ పాత కంప్యూటర్ దానికి కరెంటిస్తనే ఉంటది. డిస్కుకు పోయే వైర్లల్ల సంత్రపండు రంగుది కోసెయ్యి, లేస్తది. ప్లగ్గు పీకినంకనే కొయ్యి, మరువకు."

"ఎవనికి చెప్తున్నవ్‌రా?" అని వెంకటి ఫోన్ పెట్టేశాడు.

ఆయన ఉద్యోగంలో ఒక్కనాడూ తప్పని నియమం ఒకటుంది. లైన్ క్లియర్, వాళ్ల మాటలో ఎల్సీ, లేనిదే వైరు ముట్టుకోకూడదు. సబ్ స్టేషన్‌కు చెప్పి లైనుకు కరెంటు ఆపించాలి. పని అయ్యాక, ఆపించిన మనిషే చెబితే తప్ప మళ్లీ ఇవ్వకూడదు. ప్లగ్గు పీకడం అనేది ఆయనకు పిల్లల ఆటలా తోచింది. సబ్ స్టేషన్‌కు కలిపాడు.

"సీమోనూ, నేను వెంకటన్నను. మా బజారు లైనుకు ఎల్సీ ఇయ్యి."

సీమోను ఆయన చేతి కింద పని నేర్చుకున్నవాడు. ఆ గొంతు వినగానే ఆయన రిటైరయిన సంగతి మరిచిపోయాడు.

"ఎందుకన్నా?"

"వైరు కొయ్యాలె."

"ఇచ్చిన."

ఇంట్లో ఫ్యాను ఆగింది. మిక్సీలో పచ్చడి ఆగింది. బజారు చివర ఘనీ నడిపే పిండి గిర్నీలో మిరపకాయలు సగం పొడిగా, సగం కాయలుగా ఆగాయి. కంప్యూటర్ ఉన్న గదికి కిటికీ లేదు. వెంకటి ఫోన్ లైటు వేసుకుని, వంగి, వెతికి వైరు కోశాడు. ఆ వెంటనే చార్జింగ్ అయిపోయి ఫోన్ ఆరిపోయింది.

"అయిపోయింది. ఇగ కరెంటు రాంగనే పాటనే!"

"ఎప్పుడొస్తది?"

"నేను సీమోనుకు చెప్పంగనే."

"ఏంట్లకెల్లి చెప్తవ్?"

వెంకటి చేతిలోని ఫోన్ వైపు చూశాడు. "నీ ఫోనియ్యి."

"నా ఫోన్ల నీ నంబరు, సునీలు నంబరే ఉన్నయి."

వెంకటి మోపెడ్ ఎక్కి సబ్ స్టేషన్‌కు బయలుదేరాడు. ఆయన ఫోన్ కలవక, స్తంభం మీద మనిషికేమైందోనని బెదిరిన సీమోను అదే సమయానికి ఇంకో దారిన ఇటు బయలుదేరాడు. కనిపించిన ప్రతివాళ్లనూ, "వెంకటన్నకేమన్న అయిందా?" అని అడుగుతూ వచ్చాడు. బజారు దాటేసరికి ఆ ప్రశ్నే జవాబైంది.

సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలకు వాకిట్లో గుంపు కనబడింది. భూమక్క కోసం సిద్ధం చేసుకుని వచ్చిన ఏడుపు వాళ్ల దగ్గర ఉండనే ఉంది. వెంకటి కోసం మొదలుపెట్టారు. "ఏమైందే?" అని హన్మవ్వ బయటికి వస్తే, పట్టుకుని కూర్చోబెట్టి నీళ్లు తాగించారు. ఆమె చెప్పేది వినే తీరికలో ఎవరూ లేరు.

తాళం వేసిన సబ్ స్టేషన్ చూసి తిరిగొచ్చిన వెంకటి మోపెడ్ స్టాండు వేసి, టోపీ తీశాడు.

"ఎవరు పోయిండ్రు?" అన్నాడు మెల్లగా.

"నువ్వే," అన్నాడు ఘనీ. ఆయన కనుబొమల దాకా కారం ఉంది.

సునీల్‌కుమార్ బస్సు దిగి వచ్చేసరికి పరిస్థితి ఇదీ. చెక్కలైన డబ్బాను చూసి, కలీమ్ చెప్పిన నారింజ వైరు సంగతి అడిగి తెలుసుకున్నాడు. కంప్యూటర్‌ను వాకిట్లోకి, వెలుతురులోకి మోసుకొచ్చాడు.

"చిన్నాయినా, నువ్వు కోసింది పసుపు వైరు. డిస్కు తిరిగేదే దాంతోటి."

"చీకట్ల రెండూ ఒక్క తీరే కనవడ్డయిరా."

"పట్టపగలు చీకటెట్లయింది?"

వెంకటి టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

అతను పసుపు వైరును కలిపి టేపు చుట్టాడు. నారింజ వైరును కోసి, దాని కొనకూ చుట్టాడు. వెంకటి నిటారుగా నిలబడి, "లైను మీద మనుషులు లేరు, కరెంటియ్యొచ్చు," అని సీమోనుకు పద్ధతి ప్రకారం లైను అప్పగించాడు. సీమోను తిరిగి వెళ్లిన కాసేపటికి ఫ్యాను తిరిగింది. డిస్కు చిన్నగా గురక పెట్టి లేచింది.

తెర మీద భూమక్క కనిపించింది. పెదవులు కదులుతున్నాయి గానీ, వినబడేదంతా వీడియోలో ఆమె నెత్తి మీది ఫ్యాను రొదే. పాట దాని వెనక ఎక్కడో ఉంది. హన్మవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడాది దాచింది ఈ రొదనా?

అంతలో బొమ్మ కాస్త మసకబారింది. ఫ్యాను ఆగింది. బ్యాటరీ కెమెరా మాత్రం నడుస్తూనే ఉంది. భూమక్క తల పైకెత్తి నవ్వింది.

"అగో, కరెంటు పాయె! మా మరిది యాడనో వైరు కోస్తున్నట్టుండు. కానీ తియ్, ఫ్యానన్న నోరు మూసింది. సునీలూ, మల్ల మొదటికెల్లి పాడుతనా?"

పాడింది. ఒక్కొక్క మాటా తేటగా, చివరిదాకా. వాకిలంతా కదలకుండా విన్నది. పాట అయ్యాక హన్మవ్వ, పొద్దుటినుంచి మొగుడి కోసం దాచిపెట్టుకున్న తిట్లన్నీ మరిచి, "ఇంకోపారి పెట్టుండ్రి," అంది.

ఆనాటి నుంచి బల్బు మార్చాలన్నా వెంకటి సబ్ స్టేషన్‌కు ఫోన్ చేస్తున్నాడు. సీమోను ఎత్తడం లేదు.