మేట్రనమ్మకు జరిగిన మేలు

సోమవారం ఉదయం రొట్టె ముక్కలు పంచుతూ పెద్దన్న రెండు విషయాలు చెప్పాడు. ఈ వారం ఒక్కొక్కరు ఎవరికైనా ఒక మేలు చేయాలి. చేసిందెవరో రెండో మనిషికి తెలియకూడదు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలని కింది నుంచి నోటీసు వచ్చింది.

"ఇంకోసారి చెప్పన్నా," అన్నాడు ఇంజినీరు.

"కుడి చెయ్యి చేసేది ఎడమ చేతికి..."

"అది కాదు. రెండోది."

ఆ మేడ మీది గదుల్లో అయిదుగురు ఉంటున్నారు. చదువు పూర్తిచేసి, ఉద్యోగాల్లో చేరబోయే ముందు ఒక ఏడాది నగరంలో సేవ చేయడానికి చర్చి పంపినవాళ్ళు. ఒకే ఇల్లు, ఒకే వంట, పొద్దునా సాయంత్రం కలిసి ప్రార్థన. ఇంజినీరు, లాయరమ్మాయి వీధి పిల్లల బడిలో పాఠాలు చెబుతారు. గిటారు అని అందరూ పిలిచే కుర్రవాడు ఇల్లులేని వాళ్ళ వసతిలో వండి పెడతాడు. అందరికంటే చిన్నదాన్ని చెల్లి అంటారు. ఆస్పత్రిలో ఇక బతకరని తేలినవాళ్ళ పక్కన కూర్చోవడం ఆమె పని. వీళ్ళందరి బాధ్యత పెద్దన్నది.

ఇది వాళ్ళకు మూడో ఇల్లు. మొదటి రెండూ పాటల వల్ల పోయాయి. ఇదీ పోతే సేవా సంవత్సరాన్ని అక్కడితో మూసేసి అందరినీ ఇళ్ళకు పంపిస్తామని చర్చి కమిటీ చెప్పింది.

"కిందికెళ్ళి కాళ్ళావేళ్ళా పడదామా?" అంది లాయరు.

"వద్దు. బతిమాలితే మేట్రనమ్మకు ఒళ్ళు మంట. గడువు ఇంకా తగ్గిస్తుంది."

ఇంటి యజమాని మేట్రనమ్మ కింది వాటాలో ఒక్కతే ఉంటుంది. హెడ్ నర్సుగా రిటైరైంది. వీధి ఇప్పటికీ ఆమెను వార్డులోలాగే చూస్తుంది.

బయట వాన పడుతోంది. మేలు చేయడానికి దూరం వెళ్ళాలని ఎవరికీ అనిపించలేదు. పెద్దన్న బతిమాలవద్దన్నాడు గాని మేలు చేయవద్దనలేదు కదా అని ఎవరికి వారే అనుకున్నారు. పెద్దన్న కూడా అనుకున్నాడు.

మంగళవారం మేట్రనమ్మ తలుపు తీసేసరికి మెట్లు కడిగి ఉన్నాయి. బుధవారం గేటు కిర్రుమనడం మానేసింది. ఎవరొచ్చారో ఆమెకు తెలిసేది ఆ చప్పుడుతోనే. గుమ్మం ముందు బుట్టెడు పళ్ళు ప్రత్యక్షమయ్యాయి. వరండా కుర్చీలోకి మెత్తటి దిండు వచ్చింది. పైన గిటారు మోగలేదు. దాని యజమాని చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

గురువారం ఆమె లాయరును పరీక్షించింది.

"తడి గొడుగు మెట్ల మీద పెడతారా? బుద్ధుందా?"

మామూలుగా అయితే మెట్లు ఎవరి వాటా కిందికి వస్తాయో లాయరు గంటసేపు వాదించేది. ఈసారి, "మీరన్నదే నిజమండీ," అని గొడుగు తీసుకుపోయింది.

మేట్రనమ్మ లోపలికెళ్ళి పళ్ళ బుట్టను మళ్ళీ చూసింది. బాగయ్యే రోగిని బంధువులు తిడతారని, బాగవని రోగికి పళ్ళు తెస్తారని ఆమెకు ఉద్యోగం నేర్పింది. పళ్ళు, దిండు, నిశ్శబ్దం, ఎదురు చెప్పకపోవడం. వార్డులో ఈ నాలుగూ కలిసినచోట ఆమె పాస్టరుకు కబురు పంపేది. కిందటి వారమే ఆమె ఆస్పత్రిలో పరీక్షలు చేయించుకుంది. డాక్టరు అంతా బాగుందన్నాడు. ఆ మాట తడబడకుండా చెప్పడం అతనికి నేర్పింది ఆమే.

సాయంత్రం ఆమె చెల్లిని వరండాలో ఆపింది. "నిజం చెప్పు. నీకు తెలుసు కదా?"

చెల్లి దిండు వైపు చూసింది. "చెప్పకూడదండీ. మాటిచ్చాను."

"ఎవరికి?"

"పెద్దన్నకు."

"పైన అందరికీ తెలుసా?"

"ఎవరిది వాళ్ళకే తెలుసండీ. మాలో మేం మాట్లాడుకోకూడదు."

"ఎన్నాళ్ళు?"

"ఆదివారం దాకానండీ."

మేట్రనమ్మ దిండుకు ఆనుకుంది. "అంతేనా?"

"దేవుడి దయుంటే ఇంకో వారం పొడిగించొచ్చండీ," అంది చెల్లి.

మేట్రనమ్మ ఏడవలేదు. ఏడవడం విజిటర్ల పనని ఆమె అభిప్రాయం. లోపలికెళ్ళి తోటికోడలికి ఫోన్ చేసింది. అత్తగారి కుట్టుమిషను పంపకంలో మాటలు పోయాక ఆ ఇంటికి ఆమె చేసిన మొదటి ఫోన్ అది.

శుక్రవారం తోటికోడలు వ్యాన్ మాట్లాడుకుని మరీ వచ్చింది.

"అక్కా! ఇన్నాళ్ళకు పిలిచావా!"

"పిలవలేదు. ఫ్రిజ్ తీసుకుపొమ్మన్నాను."

"ఇంత అన్యాయమా అక్కా! నిక్షేపంలాంటి మనిషివి..." తోటికోడలు ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ, రెండో చేత్తో జానలు వేసి మంచం పొడవు కొలిచింది. "ఇది వ్యాన్‌లో పడుతుందా?"

పట్టింది. పొయ్యి, భోజనాల బల్ల కూడా పట్టాయి. మేడ మీదివాళ్ళు చూసి, ఇల్లు అమ్మేసిందని తేల్చుకున్నారు. ఇక ఆశ లేదు. అయినా సేవకు వచ్చినవాళ్ళు గనుక కిందికి దిగి ఫ్రిజ్ మోశారు. మోస్తున్నప్పుడు వాళ్ళ మొహాలు చూసి మేట్రనమ్మకు మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

వ్యాన్ వెళ్ళాక పెద్దన్న మెట్ల మీద కూలబడ్డాడు.

"ఏడవకు బాబూ. నోటీసు చించేశాను," అంది మేట్రనమ్మ. "మీ ఏడాది అయ్యేదాకా ఉండండి. నేను పోయాక మా తోటికోడలు మిమ్మల్ని వెళ్ళగొట్టకుండా కాగితం కూడా రాయిస్తున్నా."

"మీరు పోవడమేంటండీ?"

"నా దగ్గర నటించకు. ఆదివారమని మీ చెల్లి చెప్పింది."

పెద్దన్నకు అర్థమైంది. ఇల్లు దక్కింది. నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం ఆ వారం నియమం కూడా. అతను మెట్ల మీద మరికాస్త సేపు కూర్చుని, లేచి, అందరినీ కిందికి పిలిచాడు.

"ఎవరేం చేశారో చెప్పండి. మెట్లు నేను కడిగానండీ."

"గేటుకు నూనె నేను పెట్టాను," అన్నాడు ఇంజినీరు.

"పళ్ళు నేను తెచ్చాను," అంది లాయరు. "గొడుగు విషయంలో మాత్రం మీది తప్పండీ. మెట్లు ఇద్దరికీ ఉమ్మడి."

"దిండు నాది," అంది చెల్లి.

మేట్రనమ్మ అయిదోవాడి వైపు తిరిగింది. "నువ్వేం చేశావు?"

"ఏం చేయలేదండీ," అన్నాడు గిటారు. "అదే నా మేలు."

మేట్రనమ్మ వేళ్ళ మీద అయిదూ లెక్కపెట్టింది.

"అంటే, నాకేం లేదా?"

"ఏం లేదండీ!" అంది చెల్లి సంతోషంగా.

మేట్రనమ్మ వెనక్కి తిరిగి ఖాళీ గదిలోకి చూసింది. "నిజమే. పొయ్యి కూడా లేదు." తర్వాత ఆమె గొంతు వార్డులోని గొంతైంది. "కాగితం తే, కలం తే. కొత్త నోటీసు రాస్తాను. నెలాఖరు దాకా కూడా వద్దు, ఈ ఆదివారమే వెళ్ళండి."

కాగితం వచ్చింది. పెట్టి రాయడానికి బల్ల లేదు. ఆమె దాన్ని గోడకు ఆనించింది.

"ఫ్రిజ్ నేను వెళ్ళి తెస్తానండీ," అన్నాడు ఇంజినీరు. "మంచం కూడా. మీకేం కాలేదని చెబితే ఆవిడే ఇచ్చేస్తారు కదా."

కలం ఆగింది.

"దానికి చెబుతావా? నేను చావడం లేదని దానికి తెలిస్తే, చచ్చేదాకా నవ్వుతుంది. కుట్టుమిషను సంగతే ఇప్పటికీ ఊరంతా చెబుతోంది. పోతే పోయింది ఫ్రిజ్!" ఆమె కాగితాన్ని మడిచింది. ఇంకోసారి మడిచింది. "పైన మీ భోజనం ఎన్నింటికి?"

"ఏడింటికండీ," అన్నాడు పెద్దన్న.

"ఉప్పు తగ్గించి వండమను. మంచం కూడా ఒకటి దింపండి. మిమ్మల్ని పంపేస్తే నాకు వండి పెట్టేదెవరు?"

పెద్దన్న మంచం ఇంజినీరు, గిటారు కలిసి కిందికి దింపారు. ఏడింటికి మేట్రనమ్మ పైకి వచ్చి బల్ల దగ్గర పెద్దన్న కుర్చీలో కూర్చుంది. ప్రార్థన పొడుగైందని చెప్పింది.

ఇల్లు నిలిచిందని పెద్దన్న చర్చి కమిటీకి తెలియజేశాడు. తోటికోడలు ప్రతి ఆదివారం వస్తోంది. అక్క ఇంకా ఉన్నందుకు దేవుడికి స్తోత్రం చెప్పి, వెళ్ళేటప్పుడు ఒక కుర్చీ పట్టుకుపోతోంది.