పూలగోడల పెంచలయ్య

ఉదయగిరి బజారులో చింతపండు పెంచలయ్య అంటే తెలియనివాళ్ళు లేరు. ఇంటిపేరు వేరే ఉంది గానీ అది ఆయనకే సరిగా గుర్తుండదు. చుట్టుపక్కల రాలిన చింతపండంతా ముందు ఆయన కొట్లోకి, తరువాతే జనం నోళ్ళలోకి. పండు జనానికి పోగా గింజలు మిగిలేవి. వాటిని పారెయ్యడానికి ప్రాణం ఒప్పక వసారాలో బస్తాలకెత్తి పెట్టాడు. ఆ గింజల సంగతి తరువాత వస్తుంది.

ఆయన భార్య ఆదిశేషమ్మ కాపురానికి వచ్చి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళలో ఆమె మొగుణ్ణి నోరు తెరిచి అడిగింది ఒక్కటే. ముందరింటి గోడలకు సున్నం.

"గోడలు మసిబారి నల్లగా ఉండాయండీ."

"మీ నాయన నన్ను చూసేనాటికి నేనూ నల్లగానే ఉండాను. పిల్లనియ్యలా?"

"మిమ్మల్ని రుద్దితే కొంచెం తేలతారు. గోడలు తేలవు."

అయినా సున్నం రాలేదు. ఆమె అడగడం మాననూ లేదు. దానికో కారణం ఉంది. కూతుర్ని కాపురానికి దిగబెట్టడానికి కలువాయి నుంచి వచ్చిన సుబ్బరత్నమ్మ, ఆ ముందరింట్లోనే భోజనానికి కూర్చుంటే పెరుగన్నంలో పైనుంచి మసి రాలింది. ఆమె చెయ్యి కడుక్కుని బస్సెక్కింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నెల్లూరులో ఉన్న చిన్నకూతురు పద్మావతి ఇంటికి మటుకు ఏడాదికి రెండుసార్లు వెళ్ళేది. ఆదిశేషమ్మ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తదు. ఎత్తకపోయినా, కలువాయి నుంచి ఎవరు వచ్చినా ఆమె కళ్ళు గోడల మీదికి పోయేవి.

ఇట్లా ఉండగా ఆత్మకూరులో ఒక పెళ్ళికి అందరూ కలిశారు. పద్మావతి మొగుడు రాజమోహన్ మైకా కంపెనీలో గుమాస్తా. స్వరాజ్యం వచ్చాక కంపెనీ దొర సీమకు పోతూ పోతూ బంగళాలో మిగిలిన పూల కాగితం చుట్టలు ఇతనికి ఇచ్చి పోయాడు. రాజమోహన్ వాటిని తన ఇంటి గోడలకు అంటించాడు. ఇక సుబ్బరత్నమ్మ నోటికి పందిట్లో వేరే పనిలేదు.

"గులాబీలు, తీగలు, గోడంతా తోటేననుకో! పడుకుంటే తోటలో పడుకున్నట్టే ఉంటాది," అని చెప్పి చెప్పి, పెంచలయ్య కనబడగానే "మా పెద్దల్లుడింట్లో గూడా గోడలుండాయి లే," అంది.

ఆడవాళ్ళంతా నవ్వారు. పెంచలయ్యకు చురుక్కుమంది.

"అత్తా, నెల తిరక్కముందే మా గోడలకూ పూలు పూస్తాయి. కాగితం గాదు, గుడ్డ! చూడాలంటే నువ్వు ఉదయగిరి రావాల్సిందే."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆదిశేషమ్మ మొగుడి పక్కకు జరిగింది. మెల్లిగా అడిగింది.

"నిజంగా అమ్మ వస్తాదంటారా?"

"వస్తాది. కానీ ఒక్క షరతు. గోడల సంగతిలో నువ్వు నోరెత్తగూడదు. సున్నం గిన్నం అని నస పెట్టగూడదు. మీ అమ్మ వచ్చి, చూసి, మళ్ళీ బస్సెక్కేదాకా ఒక్క మాట గూడా వద్దు. పెంచలకోన స్వామి మీద ఒట్టెయ్."

అమ్మ వస్తుందన్న ఆశ కొద్దీ ఆదిశేషమ్మ బస్సులోనే పెంచలకోన దిక్కు ఎటో కనుక్కుని మరీ ఒట్టేసింది.

అవి గుడ్డను కార్డుల మీద పంచే కంట్రోలు పూర్తిగా పోని రోజులు. డిపోకు ఏ గుడ్డ వస్తే ఊరంతటికీ అదే గుడ్డ. పెంచలయ్య మళ్ళీ ఆత్మకూరు పోయి డిపో నడిపే కంట్రోలు మల్లికార్జునాన్ని పట్టుకున్నాడు. పంచిపెట్టగా మిగిలిన ఒక బేలు మూలపడి ఉంది. అరచెయ్యంత ఎర్రపూలు, వాటి చుట్టూ పచ్చని ఆకులు. చూడగానే పెంచలయ్య మనసు గంతులేసింది.

"అరవై గజాలు కొయ్యి."

"అరవయ్యా! ఇంట్లో ఆడవాళ్ళెంతమంది సామీ?"

"ఒక్కతే."

మల్లికార్జునం కళ్ళజోడు పైకి నెట్టుకుని పెంచలయ్యను ఎగాదిగా చూశాడు. "పెట్టి పుట్టింది తల్లి," అని కొలవడం మొదలుపెట్టాడు. గోడలకు ఆడవాళ్ళకు ఏం సంబంధమో పెంచలయ్యకు అర్థంకాలేదు. అర్థంకానివాటి గురించి ఆలోచించే అలవాటు ఆయనకు లేదు.

ఇంటికొచ్చి మూట విప్పగానే ఆదిశేషమ్మ గుడ్డ వైపు చూసింది. నోరు తెరిచింది.

"ఒట్టు!" అని అరిచాడు పెంచలయ్య.

ఆమె నోరు మూసుకుంది. కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. భుజాలు అదురుతున్నాయి. సంతోషం పట్టలేక ఏడుస్తోంది పిచ్చిది, అనుకుని పెంచలయ్య కూడా కొంచెం కరిగాడు.

ఇక చింతగింజల సంగతి. వాటిని వేయించి, దంచి, పెళ్ళిళ్ళకు వాడే గుండిగలో ఉడకేస్తే ఉడుం పట్టులాంటి బంక తయారైంది. రెండురోజులు ఆయనే నిచ్చెనెక్కి గోడలకు పూశాడు, మీసాలకు పూసుకున్నాడు. మూడోనాటికి ముందరిల్లంతా పూలే. మిగిలిన గుడ్డతో తలుపులకు తెరలు, పడక్కుర్చీకి గలీబు, ఆఖరికి విసనకర్రకు అంచు.

ఆదిశేషమ్మ ఒక కవరు తెచ్చి చూపించింది. "అమ్మకు జాబు. కొంచెం బంక పెట్టి మూస్తారా?"

పెంచలయ్య తన బంకతోనే దాన్ని మూసి, "చూసినావా, ఇంగ బ్రహ్మదేవుడు గూడా విప్పలేడు!" అని తనే తీసుకుపోయి టపాలో వేశాడు.

అత్తగారు వచ్చేలోగా ఊరికి చూపించాలి కదా. పక్కింటి చెంచమ్మ పెరుగు తోడుకు వస్తే లోపలికి రమ్మని బలవంతపెట్టాడు. ఆమె నాలుగు గోడలూ చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఎదురింటి వరదమ్మ "అమ్మో!" అని గడపలోనే వెనక్కి తిరిగింది. ఆ తరువాత వీధి వీధంతా ఆడవాళ్ళు తలుపు సందులోంచి తొంగిచూడడం, ఒకరిమీద ఒకరు పడుతూ లేస్తూ పారిపోవడం.

"కుళ్ళు!" అని పెంచలయ్య గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు.

మగవాళ్ళు మాత్రం మెచ్చుకున్నారు. పోస్టుమాస్టరు వెంకటరమణయ్య కాఫీ లోటా పట్టుకుని గోడ దగ్గరికి పోయి, "బెమ్మాండంగా ఉండాదయ్యా! ఈ పూలు యాడో చూసినట్టుండాదే..." అని కణతలు రుద్దుకున్నాడు. రుద్దుకుంటూ రుద్దుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. "టపా వచ్చే టయమైంది," అని సగం కాఫీ వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆరోజు ఆదివారం.

మర్నాడు ఆదిశేషమ్మ చెయ్యగలిగినంతా చేసింది. మామూలుగా ఆడవాళ్ళు లోపావడాలు పెరట్లో, పైన కోక కప్పి, మగవాళ్ళ కంటపడకుండా ఆరేసుకుంటారు. తొమ్మిదేళ్ళ కాపురంలో పెంచలయ్య వాటిని చూడనే లేదా అంటారేమో. ఆయన భార్యను చూసేది వడ్డించేటప్పుడే, అప్పుడైనా చూపంతా గరిటె మీదే. ఆరోజు ఆదిశేషమ్మ తన పాత పావడాను తెచ్చి, సరిగ్గా ఆయన కూర్చునే పీట ఎదుట దండెం మీద బారుగా ఆరేసింది. ఎర్రపూలు, పచ్చాకులు.

పెంచలయ్య చూశాడు. చూసి ఒంటికాలి మీద లేచాడు.

"నా గోడ గుడ్డ కత్తిరించి పావడా కుట్టించుకుంటావా! ఒక్క బెత్తెడు మిగిలితే దాన్నీ వదల్లేదే!"

ఆదిశేషమ్మ ఆయన ముఖంలోకి కొంచెంసేపు చూసింది. పావడా మడిచి లోపలికి పట్టుకుపోయింది. ఆ తరువాత ఇక ప్రయత్నించలేదు.

బుధవారంనాడు ఆత్మకూరు బస్సులో సుబ్బరత్నమ్మ, రాజమోహన్, పద్మావతి దిగారు. పద్మావతి గడప దాటి గోడలు చూసింది. అక్క చెయ్యి పట్టుకుని వంటింట్లోకి దూరింది. లోపల గిన్నెలు పడ్డ చప్పుడు, ఇద్దరూ ఊపిరాడక దగ్గుతున్న చప్పుడు వినిపించాయి.

రాజమోహన్ పట్నం మర్యాదగా గోడను వేలితో తాకాడు. "బాగుండాదన్నా. ఎక్కడిది?"

"సీమ సరుకు తమ్ముడూ! దొరసానుల ఇళ్ళల్లో ఉండే రకం. ఈ జిల్లాలో ఇంకొకరింట్లో లేదు."

"యాడో చూసినట్టు..." అన్నాడు రాజమోహన్. ఆ తరువాత తల వంచుకుని తన చెప్పుల వైపు చూడడం మొదలుపెట్టాడు.

సుబ్బరత్నమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని నాలుగు గోడలూ ప్రదక్షిణం చేసింది. పడక్కుర్చీలో కూర్చోబోయి, గలీబు చూసి, నేలమీద కూర్చుంది.

"నాయనా పెంచలయ్యా. ఇంకొకరింట్లో లేదా?"

"లేదత్తా!"

"మా కలువాయి డిపోలో కార్డుకు ఇంతని ఇదే గుడ్డ ఇచ్చినారు. ఆత్మకూరులో ఇచ్చినారు. మీ ఉదయగిరిలో గూడా ఇచ్చినారు. ఈ పక్క ఆడదనేదానికల్లా కోక కింద ఉండేది ఈ పూల పావడానే. పద్మావతికి రెండు నేనే కుట్టించి పంపినా."

పెంచలయ్య చేతిలోని విసనకర్ర ఆగిపోయింది. దాని అంచుకు కూడా అవే పూలు.

"చిన్నల్లుడు గోడకు కాగితం అంటించినాడు. నువ్వు పావడా కట్టినావు. గోడకు గూడా మానముంటాదని ఇన్నాళ్ళకు నీ ఒక్కడికే తోచింది నాయనా!"

చెంచమ్మ, వరదమ్మ, ఆదివారం టపా, మల్లికార్జునం కళ్ళజోడు, దండెం మీది పావడా, అన్నీ ఒక్కసారిగా ఆయన ముందుకొచ్చి నిలబడ్డాయి. ఊళ్ళో ఆడవాళ్ళను పేరుపేరునా పిలిచి మరీ చూపించాడు. సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. తల ఎత్తుదామంటే ఎటు చూసినా గోడే.

వంటింటి గుమ్మం దగ్గరికి పరుగెత్తాడు. "నువ్వయినా చెప్పగూడదంటే!"

ఆదిశేషమ్మ పెంచలకోన దిక్కుకు తిరిగి దణ్ణం పెట్టింది.

"ఒట్టు తీసేస్తున్నా, చెప్పు!"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నేను బస్సెక్కేదాకా అది చెప్పదులే," అని సుబ్బరత్నమ్మ నడుముకు దోపుకున్న కవరు తీసింది. "దీన్ని చించడానికి కత్తిపీట కావలసొచ్చింది, ఏం బంకయ్యా అది! విను, చదువుతా. 'అమ్మా, మీ అల్లుడు నన్ను నోరెత్తొద్దన్నారు గానీ కలమెత్తొద్దని అనలేదు. నెల్లూరులో గూడా లేని వింత మా ఇంట్లో ఉండాది. ఒక్కసారి రా. నాకోసం రా.' ఇట్టా రాస్తే రాకుండా ఎట్టా ఉండేది?"

ఆ జాబును తన చేత్తోనే మూసి టపాలో వేశానని పెంచలయ్య ఎవరికీ చెప్పలేదు.

గుడ్డ పీకేద్దామని చూశాడు. చింతగింజల బంక కాబట్టి గుడ్డతోపాటు గోడ కూడా ఊడివచ్చింది. బెత్తెడు పీకి, మట్టి చూసి మానుకున్నాడు.

చూసిపోదామని వచ్చిన సుబ్బరత్నమ్మ ఇరవైరోజులుంది. "మసి మటుకు రాల్లా," అని రోజూ ఆ గోడల మధ్యనే పెరుగన్నం తిన్నది. పెంచలయ్య గోడలు కనబడకుండా కంచంలోకే చూస్తూ తిన్నాడు. పొద్దున లేచింది మొదలు వంటింట్లో తల్లీకూతుళ్ళ నవ్వులే. అది తన గురించేనని ఆయనకు తెలుసు. కానీ అంతకన్నా మరో సంగతి ఆయన్ను ఎక్కువగా పొడిచింది. తొమ్మిదేళ్ళలో భార్య అట్లా నవ్వగా ఆయన వినలేదు. ఆ నవ్వుకు అడ్డంపడింది రెండు తట్టల సున్నం. పావడా సిగ్గు ఊరికి తెలిసిందే, ఈ సిగ్గు ఆయనొక్కడికే తెలుసు.

ఇరవయ్యోరోజు బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. ఒట్టు తీరిపోయింది. తొమ్మిదేళ్ళదీ, ఇరవైరోజులదీ కలిపి ఇప్పుడు మీద పడుతుందని పెంచలయ్య తల వంచుకుని నిలబడ్డాడు.

"ఏమండీ."

"ఊఁ."

"సున్నం."

అంతే. పెంచలయ్య చెప్పులు కూడా వేసుకోకుండా బజారుకు పోయాడు.

మూడురోజులు ఆయనే కుంచె పట్టి ఆ గుడ్డ మీదనే సున్నం కొట్టాడు. మొదటి పూతకు పూలు నవ్వాయి. రెండో పూతకు తొంగిచూశాయి. మూడో పూతకు గోడలు తెల్లబడ్డాయి. ఆదిశేషమ్మ వచ్చి నడుమ్మీద చేతులు పెట్టుకుని నాలుగు పక్కలా చూసింది.

"ఇంగ పరవాలేదు," అంది. "ఇన్నాళ్ళూ ఉత్త పావడాతో నిలబెట్టినారు. ఇప్పటికి పైన కోక గూడా కట్టినారు."

పెంచలయ్య సున్నం తట్ట కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.