మొదటి వరసలో ప్రెసిడెంటుగారు

బందరు తీరబంధు మరబోటు యజమానుల సంఘం ప్రెసిడెంటు నాగభూషణరావుగారి పేరు, బోట్ల జాబితాలో ఒకటో వరస నుంచి మూడువందల పన్నెండో వరసకు పడిపోయిందన్న సంగతి జూన్ పదో తారీకు ఉదయం పదకొండు గంటలకు బయటపడింది. జాబితాలో ఉన్నవి సరిగ్గా మూడువందల పన్నెండు బోట్లు. ఆయన కింద ఇక ఎవరూ లేరు. పేజీ నంబరు ఒక్కటే ఉంది.

ప్రింటు తీసిన ఆ కాగితాన్ని సెక్రటరీ పిచ్చేశ్వరరావు రెండు చేతులతో, గాజు సామాను మోసుకెళ్తున్నట్టు ప్రెసిడెంటుగారి గదిలోకి తీసుకెళ్ళాడు. ఆరో నిమిషంలో వీరదుర్గకు పిలుపొచ్చింది.

వీరదుర్గ ఆ సంఘంలో కంప్యూటర్ మనిషి. గిలకలదిండి రేవులో మరబోటున్న ఎల్లయ్య కూతురు. డిగ్రీ చేతిలో పెట్టుకుని రెండేళ్ళు రొయ్యల షెడ్డులో తలలు తీశాక దొరికిన ఉద్యోగం ఇది. కాంట్రాక్టు ఈ నెలాఖరుతో సరి. మరో ఏడాది పొడిగించే కాగితం వారం రోజులుగా ప్రెసిడెంటుగారి బల్ల మీద సంతకం కోసం పడి ఉంది. అది పడకపోతే మళ్ళీ రొయ్యల బల్ల దగ్గరికే.

"ఒకటో వరసలో ఎవరున్నారు?" అని అడిగారు నాగభూషణరావుగారు, కాగితం వంక చూడకుండానే.

"ఎల్లయ్య అండీ."

"ఎల్లయ్య నీకేమవుతాడు?"

"మా నాన్న అండీ."

దర్యాప్తు అక్కడితో పూర్తయినట్టే కనిపించింది.

నాగభూషణరావుగారు గుడివాడ వైపు చేపల చెరువుల ఆసామి. సంఘంలో పోటీ చెయ్యాలంటే సొంత బోటు ఉండాలన్న నియమం తెలిసిన వారానికే ఒక బోటు కొన్నారు. మూడో నెలకల్లా ప్రెసిడెంటయ్యారు. తన నరాల్లో ప్రవహించేది ఉప్పునీరని ప్రతి సభలోనూ చెబుతారు. విన్నవాళ్ళు బీపీ చూపించుకోమనకుండా చప్పట్లు కొడతారు. రిజిస్టరులో ఆయన బోటు నంబరు రెండువందల ఎనభై ఏడు. అయినా రిజిస్టరును కంప్యూటర్‌లోకి ఎక్కించిన రోజు, కొబ్బరికాయ కొట్టాక, మొట్టమొదట ఆయన పేరే టైపు చెయ్యాలని పిచ్చేశ్వరరావు పట్టుబట్టాడు. శుభలేఖలో అయినా, ఫ్లెక్సీలో అయినా, శిలాఫలకం మీద అయినా పెద్దల పేరు ముందుండడం మన మర్యాద కదా. కంప్యూటర్ కూడా రెండేళ్ళు ఆ మర్యాద పాటించింది.

ఇప్పుడు తప్పింది.

సాయంత్రానికల్లా తన పేరు ఉండాల్సిన చోట ఉండాలన్నారు ప్రెసిడెంటుగారు. ఈ పని ఎవరిదో పద్నాలుగో తారీకు లోపల తేలాలన్నారు. తేలకపోతే ఏమవుతుందో నోటితో అనలేదు. పొడిగింపు కాగితాన్ని దగ్గరికి లాక్కుని దాని మీద పేపర్‌వెయిట్ పెట్టారు.

పద్నాలుగో తారీకుతో రెండు నెలల వేట నిషేధం ముగుస్తుంది. ఆ సాయంత్రం అయిదింటికి జాబితా మత్స్యశాఖకు చేరితేనే పదిహేనున బోట్లు సముద్రంలోకి వెళ్తాయి. అలాంటి జాబితాకు ఎల్లయ్య తలకాయగా, తాను తోకగా జిల్లా అధికారుల ముందుకు వెళ్ళడమన్నది ప్రెసిడెంటుగారికి ఊహకందని విపత్తు.

సంఘం వాడే డేటాబేస్ పేరు పోస్ట్‌గ్రెస్. ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు, ఎవరైనా తెచ్చి పెట్టుకోవచ్చు. ఆ ఒక్క గుణం చూసే సంఘం దాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇప్పుడు ఆ గుణమే దోషమైంది. డబ్బు పెట్టి కొన్నదైతే మనిషిని చూసి మసలుకునేదని, ఊరికే వచ్చినదానికి పెద్దా చిన్నా ఎలా తెలుస్తాయని పిచ్చేశ్వరరావు వాదన.

వీరదుర్గకు రోగం ఏమిటో గంటలో అర్థమైంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒక వరసను దిద్దితే, అది పాతదాన్ని చెరిపి అదే చోట రాయదు. దిద్దిన వరసను కొత్తగా, ఖాళీ దొరికిన చోట, చాలాసార్లు చిట్టచివర రాస్తుంది. ఏ క్రమంలో కావాలో చెప్పకుండా జాబితా అడిగితే, పడి ఉన్నవి పడి ఉన్నట్టే తీసి ఇస్తుంది. అంటే ప్రెసిడెంటుగారిని ఎవరూ కిందికి తొయ్యలేదు. ఎవరో ఆయన వరసను దిద్దారు.

ఏం దిద్దారో చూసింది. పేరు ముందు కొత్తగా 'శ్రీ' చేరి ఉంది.

ఇది శత్రువు పని కాదు. అభిమాని పని. అభిమానిని పట్టుకోవడం ఇంకా కష్టం.

అందుకు కారణం ఒక తీర్మానం. కార్యవర్గంలో ఉన్న ఏడుగురికీ జాబితా చూసే హక్కు ఇస్తే చాలు, మార్చే హక్కు వద్దని వీరదుర్గ చేరిన కొత్తలోనే చెప్పింది. పెద్దమనుషులకు తక్కువ హక్కులా అని కార్యవర్గం నొచ్చుకుంది. ఏడుగురిలో ఏ ఒక్కరికి తక్కువైనా అవమానమే కాబట్టి, అందరికీ అన్నిటికన్నా పెద్ద హక్కు, ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్ ఇవ్వాలని తీర్మానించింది. పాస్‌వర్డ్ గోప్యంగా ఉండడం కోసం దాన్ని తీర్మానాల పుస్తకంలో రాసి, కింద ఏడుగురూ సంతకాలు పెట్టారు.

ఆ సాయంత్రం వీరదుర్గ పట్టిక మొత్తం మళ్ళీ పేర్చి, ప్రెసిడెంటుగారి వరసను మొదట పెట్టింది. ఆయన తెర మీద చూసి, ఆఫీసంతటికీ టీ తెప్పించారు. మర్నాడు ఉదయం చూస్తే మళ్ళీ మూడువందల పన్నెండు. ఈసారి పేరు 'శ్రీ మత్స్యబంధు నాగభూషణరావు'.

ఎవరు, ఎప్పుడు, ఏ కంప్యూటర్ నుంచి ఏం మార్చారో పోస్ట్‌గ్రెస్ తన లాగ్‌లో రాసుకోగలదు. డిస్కు నిండిపోతుందన్న జాగ్రత్తతో పిచ్చేశ్వరరావు ఏడాది కిందటే దాన్ని ఆపించాడు. పోస్ట్‌గ్రెస్ సెట్టింగుల్లో రెండు పంక్తులు మార్చి వీరదుర్గ దాన్ని మళ్ళీ నడిపించింది. పేరు పైకెక్కించింది. కాచుకుని కూర్చుంది.

పదమూడో తారీకు పొద్దున్న లాగ్ తెరిచింది. గత రెండు రోజుల్లో ఆ వరసను తొమ్మిదిసార్లు దిద్దారు. తొమ్మిదిసార్లూ మూడో కంప్యూటర్ నుంచే.

మూడో కంప్యూటర్ ప్రెసిడెంటుగారి గదిలో ఉంటుంది. దాని మీద ఎప్పుడూ అల్లిక గుడ్డ కప్పి ఉంటుంది. "నేను కంప్యూటర్ ముట్టను, నాకు మనుషులు ముఖ్యం" అని వచ్చినవాళ్ళందరికీ ఆయన దాన్ని చూపించి మరీ చెబుతారు.

వీరదుర్గ ఆ తొమ్మిది పంక్తులూ మళ్ళీ చదివింది. పేరు పైకెళ్ళిన సంతోషంలో ఒక బిరుదు చేర్చడం, చేర్చగానే పేరు కిందికి పోవడం, పోయిందన్న కోపంతో ఇంకో బిరుదు చేర్చడం. రెండు రోజుల్లో ఆయన సాగర భూషణ అయ్యారు. ఆ తరవాత డాక్టరయ్యారు. గౌరవం పెరిగిన కొద్దీ స్థానం దిగుతోందన్న సంగతి మాత్రం గమనించినట్టు లేరు.

దొంగ దొరికాడు. కాని చెబితే సంతకం పడదు. చెప్పకపోయినా పడదు.

ఇంటికెళ్ళి వల బాగుచేసుకుంటున్న తండ్రికి చెప్పింది. ఎల్లయ్య నిజం చెప్పమనీ అనలేదు, దాచమనీ అనలేదు. అడిగినంతవరకే చెప్పమన్నాడు, అడిగినదానికి తడుముకోవద్దన్నాడు.

పద్నాలుగో తారీకు మధ్యాహ్నం మూడింటికి సభ్యుల సమావేశం. హాల్లో గోడకు జాబితా వేసి చూపిస్తూ, క్రమం ఏదో ఒకటి చెబితే చాలు, ఇక ఎవరి పేరూ జారదని వీరదుర్గ విన్నవించుకుంది. అంతే. ఏ క్రమం అన్నదాని మీద ముప్పావుగంట చర్చ నడిచింది. రిజిస్ట్రేషన్ నంబరు ప్రకారమైతే ఎల్లయ్య మొదలు. బోటు పొడవు ప్రకారమైతే వెంకటరమణ మొదలు. అక్షరక్రమమైతే అనసూయ మొదలు. పైగా ప్రెసిడెంటుగారు పేరులో 'న' దగ్గర ఉండాలా, ముందున్న డాక్టరును బట్టి 'డ' దగ్గర ఉండాలా, దానికీ ముందున్న శ్రీని బట్టి 'శ' దాకా పోవాలా అన్నది పిచ్చేశ్వరరావుకు తేలలేదు.

అప్పుడు నాగభూషణరావుగారు లేచారు. తనకు పదవుల మీద, వరసల మీద వ్యామోహం లేదన్నారు. ఎవరు కడసారి ఏ రోజున వేటకెళ్ళారో ఆ తేదీ జాబితాలో ఎలాగూ ఉంది కాబట్టి, అందరికన్నా ఇటీవల వెళ్ళినవాళ్ళే ముందుండాలన్నారు. సముద్రానికి ఎవరు దగ్గరో వాళ్ళే సంఘానికి తలకాయ అన్నారు.

అంత న్యాయమైన మాట ఆయన నోట వస్తుందని ఎవరూ అనుకోలేదు. గట్టిగా చప్పట్లు పడ్డాయి. వీరదుర్గ ఒక్క పంక్తి టైపు చేసి మీట నొక్కింది.

జాబితా కదిలింది. ఒకటో వరసలోకి శ్రీ డాక్టర్ మత్స్యబంధు సాగర భూషణ నాగభూషణరావుగారు వచ్చి నిలబడ్డారు.

ఆయన ముఖం వెలిగిపోయింది. పిచ్చేశ్వరరావు కళ్ళు తుడుచుకున్నాడు. వీరదుర్గ మాత్రం ఆ వరసలో చివరి గడి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక్కసారి గదిలోకి వస్తే ఒక మాట చెబుతానని ఆయన్ని మెల్లగా అడిగింది.

"చెప్పేదేదో ఇక్కడే చెప్పమ్మా. నాకు దాపరికాలు లేవు. అందరికీ వినబడేలా మొదటి వరస చదువు."

ఆమె చదివింది. పేరు, బిరుదులు, బోటు నంబరు, పొడవు, ఇంజను. ఆఖరున, కడసారి వేటకు వెళ్ళిన తేదీ: మే ఇరవై ఎనిమిది.

చప్పట్లు కొట్టబోయిన చేతులు గాల్లోనే ఆగాయి. మిగతా మూడువందల పదకొండు బోట్లలో ఏ ఒక్కదానికీ ఏప్రిల్ పద్నాలుగు తరవాత తేదీ లేదు. పదిహేను నుంచి వేట నిషేధం. ఆ రెండు నెలల్లో మరబోటు సముద్రంలో కనబడితే పట్టుకుంటారు. అలాంటి సభ్యుడి పేరు సంఘం నుంచి శాశ్వతంగా కొట్టెయ్యాలని పోయినేడు తీర్మానం పెట్టింది నాగభూషణరావుగారే.

"నిషేధంలో వేటకెళ్ళారా బాబుగారూ?" అన్నాడు ఎల్లయ్య. ఆ గొంతులో వెటకారం లేదు, నిజమైన ఆశ్చర్యమే ఉంది.

ప్రెసిడెంటుగారు కర్చీఫ్ తీశారు. ఇది ఎవరో చేసిన కుట్ర అన్నారు. తాను కంప్యూటర్ ముట్టనని అందరికీ తెలుసన్నారు. ఆ యంత్రం ఎవరి చేతిలో ఉంటుందో కూడా అందరికీ తెలుసన్నారు. నాలుగు తలలు వీరదుర్గ వైపు తిరిగాయి.

రెండు బోట్లకు యజమానురాలు, నోటికి మొహమాటం లేని మనిషి అనసూయ ముందు వరసలోంచి అడిగింది. "ఎవరు రాశారో ఆ పెట్టెకి తెలుస్తుందా, అమ్మాయ్?"

"తెలుస్తుందండీ."

"అయితే చదువు మరి."

అడిగారు కాబట్టి వీరదుర్గ చదివింది. తేదీ, గంట, నిమిషం, మూడో కంప్యూటర్, సాగర భూషణ. తేదీ, గంట, నిమిషం, మూడో కంప్యూటర్, డాక్టర్. బిరుదు తరవాత బిరుదు, గొంతు పెంచకుండా, తగ్గించకుండా చదివింది. ఆఖరి పంక్తి ఆ రోజుదే. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు, మూడో కంప్యూటర్, మే ఇరవై ఎనిమిది.

"అంతకుముందు ఆ గడిలో ఏముంది?" అంది అనసూయ.

"నిన్నటి బ్యాకప్‌లో ఖాళీగా ఉందండీ. అంటే ఒక్కసారీ వెళ్ళలేదని." వీరదుర్గ ప్రెసిడెంటుగారి వైపు తిరిగింది. "నాలుగున్నర అయిందండీ. అయిదింటికి పంపాలి. ఆ గడిలో ఏం ఉంచమంటారు? తేదీయా, ఖాళీయా?"

ఇంత మర్యాదగా అడిగిన ప్రశ్నకు తప్పించుకునే దారి లేదు. తేదీ ఉంచితే నేరం. ఖాళీ వదిలితే పరువు నష్టం. నాగభూషణరావుగారు హాలంతా ఒకసారి కలయజూశారు. బయట పిచ్చేశ్వరరావు కట్టించిన ఫ్లెక్సీ గాలికి టపటపలాడుతోంది. ఆయన కుర్చీలో కూర్చున్నారు. పొడిగింపు కాగితం తెమ్మని సైగ చేసి, వచ్చాక సంతకం పెట్టి వీరదుర్గ చేతికిచ్చారు. తరవాత, మైకు లేకుండా, మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడారు.

"ఖాళీగానే వదిలెయ్యమ్మా. ఈ అమ్మాయి తప్పేం లేదండీ, అన్నీ నేనే రాశాను. బిరుదులూ నేనే, తేదీ నేనే. పేరు పైనుంటే బాగుంటుందని ఒకటి రాశాను, కిందికి పోయింది. ఇంకోటి రాస్తే పైకొస్తుందేమో అనుకున్నాను. మే ఇరవై ఎనిమిదిన నేను గుడివాడలో మా మనవరాలి ఓణీల ఫంక్షన్లో ఉన్నాను. ఆ తేదీ ఒక్కటే గుర్తుండి వేసేశాను, నిషేధం సంగతే తట్టలేదు. మీలో ఎవరికైనా తడుతుంది, రెండు నెలలు పొయ్యి మీద చేప ఎక్కదు కాబట్టి. నా బోటు కొన్నప్పటి నుంచి రేవు దాటలేదు. మొదటి రోజు పూజకని ఎక్కాను. ఇంకా తాడు కూడా విప్పలేదు, కళ్ళు తిరిగాయి. ఫోటో తీయించుకుని దిగిపోయాను. సభల్లో సముద్రం గురించి చెప్పిందంతా ఎల్లయ్య దగ్గర విన్నదే. నాకు నీళ్ళంటే భయమండీ. మా చెరువుల్లో కూడా నేను మోకాలు దాటి దిగను."