చిరునవ్వు తప్పనిసరి

మా పట్టణ నీటి సరఫరా కార్యాలయం నుంచి ఇకమీదట ఏ పౌరుడూ ఏడుపుముఖంతో బయటికి వెళ్లడానికి వీల్లేదని పెద్దాఫీసరుగారు ఉత్తర్వు జారీ చేశారు. ప్రజాసేవలో ఇంత దయగల ఉత్తర్వు మరొకటి లేదని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనివారిని ఎవరూ అడగలేదు.

ఆఫీసరుగారు అంతకుముందే ఒక చల్లటి హోటల్లో మేనేజ్‌మెంట్ శిక్షణకు వెళ్లొచ్చారు. ప్రజలకు కావలసింది నీళ్లు కాదనీ, అనుభూతి అనీ అక్కడ ఆయనకు తెలిసింది. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పటికి ‘విజన్’ అనే మాట వాడకుండా టీ కూడా అడగలేని స్థాయికి ఎదిగిపోయారు.

రాగానే బయటికి పోయే తలుపుకు ఒక యంత్రం బిగించారు. అందులోని కెమెరా మన ముఖం చూస్తుంది. నవ్వు కనబడితే పచ్చదీపం వెలిగి తలుపు తెరుచుకుంటుంది. కనబడకపోతే, “దయచేసి మనస్ఫూర్తిగా మరోసారి ప్రయత్నించండి” అని ఒక తియ్యని ఆడగొంతు వేడుకుంటుంది. ఎందరు నవ్వారన్న సంగతి ఎప్పటికప్పుడు పై ఆఫీసులో ఉండే డైరెక్టరుగారి బల్లమీది తెరపై కనిపిస్తుంది. లోపలికొచ్చే తలుపుకు యంత్రం లేదు. అది లోపలికి మాత్రమే తెరుచుకుంటుంది. కొళాయిలు బాగుచేసే ఫిట్టరును కొళాయిల పని మాన్పించి, కెమెరా అద్దం తుడిచే ఉన్నత బాధ్యతలో నియమించారు.

మొదటిరోజు హెడ్ క్లర్కుగారు ఇంటికి వెళ్లలేకపోయారు. ఉద్యోగంలో చేరాక ఆయన పళ్లు చూసినవారు లేరు. చివరికి ఆయన భార్య ఫోన్ చేసి, “మా అమ్మ రేపు ఊరెళ్లిపోతోందండీ” అనగానే తలుపు బార్లా తెరుచుకుంది. యంత్రం పనితీరు మీద ఎవరికైనా అనుమానాలుంటే అవీ అంతటితో తీరిపోయాయి.

ఇలా అంతా సవ్యంగా సాగుతుండగా ఒక ఉదయం టైలరక్క వచ్చింది. ఆవిడ మూడో వీధిలో బట్టలు కుడుతుంది. రోడ్డు తవ్విన దగ్గర్నుంచి ఆ వీధిలో కొళాయి బొట్టు రాల్చడం లేదు. పక్క వీధి నుంచి బిందెలు మోసి మోసి, ఆవిడ చేతులు మిషను ముందు వణుకుతున్నాయి. మొన్న ఒకావిడ జాకెట్టుకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి వచ్చాయి. ఇంకో రెండు జాకెట్లు అలా వస్తే ఆవిడ దగ్గర కుట్టించుకునేవాళ్లెవరూ మిగలరు.

“మీ ఫిర్యాదు ఆనందంగా స్వీకరించామమ్మా” అన్నారు హెడ్ క్లర్కుగారు.

“నీళ్లెప్పుడొస్తాయండీ?”

“అది వేరే విభాగం. మాది ఆనందం వరకే.”

టైలరక్క తలుపు దగ్గరికి వెళ్లింది. ఆడగొంతు వేడుకుంది. టైలరక్క దానివంక ఒక చూపు చూసి, కుర్చీ ఈడ్చుకొచ్చి తలుపుకెదురుగా కూర్చుంది.

“నీళ్లొస్తే నవ్వుతాను. అందాకా ఇక్కణ్నుంచి కదలను.”

లోపలికొచ్చిన మనిషి బయటికి రాలేదని డైరెక్టరుగారి తెర ఎర్రబడింది. ఆయన కారెక్కి బయల్దేరినట్టు ఫోనొచ్చింది. ఆఫీసరుగారు పరుగున వచ్చారు.

“అమ్మా, కాస్త పళ్లు కనబడేలా పెట్టండి, చాలు. మనసుతో పనిలేదు.”

“మరి మనస్ఫూర్తిగా అని దానిచేత చెప్పిస్తున్నారు కదండీ?”

ఈ ప్రశ్నకు శిక్షణలో జవాబు చెప్పలేదు. దాంతో మీటర్లు చూసే కుర్రవాణ్ని పిలిపించారు. అతనికి మిమిక్రీ వచ్చు. కోడిలా కూశాడు, రైలులా వెళ్లాడు, ఆఫీసరుగారిలా ‘విజన్’ అన్నాడు. హాలంతా పొట్టలు పట్టుకుంది. పచ్చదీపం ఆగకుండా వెలిగింది, తలుపు టపటప తెరుచుకుంది, ఆట వదిలి ఒక్కరూ బయటికి పోలేదు.

“బాగా చేశావు తమ్ముడూ” అంది టైలరక్క ముఖం కదలకుండా. “నాకు నీళ్లు మాత్రం రాలేదు.”

ఆఫీసరుగారు కిటికీలోంచి రోడ్డు వైపు తొంగిచూశారు. “ఎవరైనా ఏదో ఒకటి చెయ్యండయ్యా!”

“పోనీ, నీళ్లు వదలమంటారా సార్?” అన్నాడు ఫిట్టరు.

ఆఫీసరుగారు ఫిట్టరును పక్కకు లాగారు. “మన విజన్‌లో అది లేదు. సరే, వెళ్లు. ఎవరితోనూ అనకు.”

రోడ్డు తవ్వినప్పుడు కట్టేసిన వాల్వును మళ్లీ తిప్పడం అందరూ మరిచిపోయారు. ఫిట్టరు తిప్పాడు. కాసేపటికి టైలరక్క ఫోను మోగింది. “ఏమేవ్, కొళాయి ఎటు తిప్పితే ఆగుద్దే? వంటింట్లో నా చెప్పులు తేలుతున్నాయి!” అని భర్త అరుస్తున్నాడు. టైలరక్క పకపకా నవ్వింది. కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వుతూ లేచి నిలబడింది. తలుపు తెరుచుకుంది. తలుపవతల డైరెక్టరుగారు నిలబడి ఉన్నారు.

ఆయన కళ్లారా చూశారు: నవ్వుతూ బయటికొస్తున్న పౌరురాలు, ఆవిడ వెనక కోడిలా కూస్తున్న ఉద్యోగి. అక్కడికక్కడే ఉపన్యసించారు.

“సోదరసోదరీమణులారా! నీళ్లు ఇవాళ వస్తాయి, రేపు రావు. నవ్వు అలాంటిది కాదు. దానికి గొట్టం అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు, రోడ్డు తవ్వనక్కర్లేదు!”

చప్పట్లు మోగాయి. ఆఫీసరుగారికి పతకం వచ్చింది. మీటర్ల కుర్రవాడు ప్రాంతీయ ఆనంద సమన్వయకర్త అయ్యాడు. విజన్‌లో లేని వాల్వు తిప్పినందుకు ఫిట్టరును సంజాయిషీ అడిగారు. టైలరక్క జాకెట్ల చేతులు మళ్లీ సమానంగా వస్తున్నాయి. ఆవిడకు ఇవేవీ పట్టలేదు.

మర్నాడే నాలుగో వీధి పెద్దలు ఆఫీసుకొచ్చారు. వాళ్ల కొళాయిలూ ఎండిపోయాయట. ఆఫీసరుగారిలో ఏ మూలో మిగిలిన పాత మనిషి లేచాడు. గొంతు తగ్గించి, “ఫిట్టర్ని పంపమంటారా?” అన్నారు.

పెద్దలు చేతులు అడ్డంగా ఊపారు.

“ఫిట్టర్ సంగతి తర్వాత చూద్దాంలెండి. ముందు ఆ మిమిక్రీ అబ్బాయిని పంపించండి. ఆ రోజు ఆఫీసుకొచ్చినవాళ్లు మాత్రమే చూస్తే ఎలాగండీ?”

ఆ సాయంత్రం నాలుగో వీధిలో ప్రోగ్రాం పెట్టారు. చోటు దొరకదేమోనని జనం పెందలాడే వచ్చారు. ఎవరి బకెట్లు వాళ్లే తెచ్చుకున్నారు, బోర్లించుకుని కూర్చోడానికి.